వేలు తెగిన చిలక పిల్ల

"కన్నతల్లి పిల్ల మెడ మీది ఈకలు పీకుతుందా? ఈ మాట నేను నమ్మాల్నా?"

"నువ్వు నమ్మకపోతే నేనేం చేసేది పెద్దమ్మా? పీకుతాయి. మా మిద్దె పైకి వచ్చి చూడు."

"సరే, ఈకలు తల్లి పీకింది. మరి వేలు ఎవురు కొరికినారు? అది కూడా తల్లేనా?"

"గూట్లో ఉన్నప్పుడు ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. అన్నీ అంతే."

"ఒక్క వేలే, ఒక్క కణుపే, కోసినట్టు కొరుక్కుంటాయా? ఇది ఎవురో గుర్తు పెట్టుకున్న పిల్ల. యాడిదో తెచ్చి మా పిచ్చిదాని చేతిలో పెట్టినావు."

"ఏంది పెద్దమ్మా? దొంగతనం చేసినానంటావా?"

"గుమ్మడికాయల దొంగ అంటే నువ్వెందుకు భుజాలు తడుముకుంటావు?"

"తోబా తోబా! విన్నారా అక్కా, విన్నారా? మీరే సాక్షి!"

అక్కలందరూ విన్నారు. వినకుండా ఉండే వీలు లేదు. ఎండాకాలం, మార్కాపురంలో మా వీధికి పొద్దున్నే నీళ్ల ట్యాంకర్ వచ్చే వేళ అది. పదిహేను మంది ఆడవాళ్లు బిందెలు వరుసలో పెట్టి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఇంత మంచి కాలక్షేపం వాళ్లకు ట్యాంకర్ కోసం ఎదురుచూసే రోజుల్లో ఎప్పుడూ దొరికి ఉండదు. నా పక్కన పదేళ్ల మా మనవరాలు చెప్పుల అట్టపెట్టె ఒకటి గుండెకు అదుముకుని నిలబడింది. పెట్టె మూతకు చిల్లులు పొడిచి ఉన్నాయి. లోపల పక్షి పిల్ల గోళ్లతో గీరుతున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. నాలుగు వేళ్లలో మూడు గోళ్ల చప్పుడు అని అప్పుడు నా మనసు లెక్క కట్టింది కూడా.

నేను దెబ్బలాడింది మా పక్కింటి ఆమెతో. ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఆమె భర్త పలకల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఆమె మిద్దె మీద పక్షుల్ని పెంచి, వాటి పిల్లల్ని అమ్ముతుంది. పన్నెండేళ్లుగా గోడకు గోడ ఆనించి ఉన్నాం. రంజానుకు సేమియా వాళ్లింటి నుంచి వస్తుంది, ఉగాదికి బొబ్బట్లు మా ఇంటి నుంచి పోతాయి. అయినా ఆమె మిద్దె తలుపుకు ఎప్పుడూ తాళం వేసి ఉంటుంది. ఎందుకని నేను పన్నెండేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను.

ఈ పక్షి మా ఇంటికి నేను లేనప్పుడు వచ్చింది. గిద్దలూరులో మా చెల్లెలికి కంటి ఆపరేషన్ అయితే రెండు రోజులు పోయి వచ్చాను. ఇంట్లో అడుగు పెట్టగానే కోడలు మంచినీళ్ల చెంబు ఇచ్చి, నా ముఖం వైపు చూడకుండా లోపలికి పోయింది. ఏదో జరిగిందని అప్పుడే తెలిసింది. ముందు అటకెక్కి చూశాను. కొమరోలు దగ్గరి మా మెట్టచేలో పండిన కొర్రలు, నేను చేటతో చెరిగి, ఇసుక ఏరి, వేపాకు వేసి మూటగట్టినవి, ఒక మూట లేదు.

"కొర్రలు ఏమైనాయే?"

"పాప పక్షి కావాలని ఏడ్చింది అత్తా. పక్కింటి ఆమె డబ్బులొద్దు, పక్షులకు కొర్రలిస్తే చాలంది. మనం తినేది లేదు కదా, పురుగు పడుతుందని…"

"వేపాకు వేసిన మూటకు పురుగా?"

మా మనవరాలు పెట్టె తెచ్చి నా ముందు పెట్టి, మూత తీసింది.

పచ్చ చిలక కాదు. పచ్చవాటిని పెంచితే ఫారెస్టు వాళ్లు కేసు పెడతారని ఇక్కడ అందరికీ తెలుసు. ఇది బూడిద రంగుది. ముఖం పసుపు, బుగ్గల మీద కాషాయం చుక్కలు, నెత్తిన నాలుగు వెంట్రుకల జుట్టు. కాకటీల్ అంటారట. చిలక జాతేనని మా కొడుకు చెప్పాడు. ముక్కు వంకర చూస్తే అంతేననిపించింది.

"అవ్వా, దాన్ని అట్ల గట్టిగా పట్టుకోవద్దు!"

"ఊరుకో. నీకంటే నాకు తెలుసు."

పిల్లను ఎట్లా పట్టి చూడాలో నాకు తెలియకపోవడమేంటి? గొర్రెల్ని పెంచిన ఇంట్లో పుట్టాను. సంతలో గొర్రెను కొనేవాడు ముందు పళ్లు చూస్తాడు, తర్వాత కన్ను, తర్వాత డెక్కలు, చివరికి చెవి. చిలకకు పళ్లు లేవు కాబట్టి ముక్కుతో మొదలుపెట్టాను. ముక్కు అంచున పొర లేచి ఉంది, గోరు పక్కన లేచిన తోలులాగ. రెక్కలు విప్పాను, బాగున్నాయి. తోకలో రెండు ఈకల చివర్లు నలిగి విరిగాయి. మెడ వెనక చింతగింజంత మేర బోడి, తోలు కనిపిస్తోంది. కాళ్లు చూసి నేను ఉలిక్కిపడ్డాను. ముందు రెండు వేళ్లు, వెనక రెండు. కోడికి ముందు మూడుంటాయి. ఈ పిల్లకు వేలు వెనక్కి మళ్లిందని నేను కేక వేస్తే, చిలకలన్నిటికీ అంతేనని మనవరాలు ఫోన్‌లో బొమ్మ తీసి చూపించింది. సరే అనుకున్నాను. కానీ కుడికాలి బయటి వేలు? దానికి చివరి కణుపు లేదు. గోరు లేదు. నున్నగా, ఎప్పుడో మానిపోయి ఉంది.

ఆ కొసను వేలితో రెండుసార్లు తడిమాను.

గొర్రెపిల్ల పుట్టిన కొన్నాళ్లకు చెవి కత్తిరించి గుర్తు పెడతారు. మాది ఎడమ చెవికి రెండు కోతలు. అడవిలో పది మందలు కలిసి మేసినా, ఎవరి పిల్ల ఎవరిదో చెవే చెప్తుంది. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా నాయన సంతలో ఒక ఆడ గొర్రెపిల్లను కొన్నాడు. చెవికి పెద్ద కోత ఉంది. ఆ కోత కింద పాత కోత ఒకటి మానిపోయి ఉందని ఆయన చూసుకోలేదు. దొంగ పాత గుర్తు పోయేలా పెద్దగా కోసి అమ్మాడు. నెల తిరక్కుండా అసలు మనిషి మా మందలో దాన్ని గుర్తుపట్టి, నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. మా నాయన రచ్చబండ దగ్గర తల వంచుకుని నిలబడి, ఆ పిల్లతో పాటు తప్పుకింద ఇంకొక పిల్లను ఇచ్చాడు. ఆయన దొంగ కాదని అందరికీ తెలుసు. అయినా దొంగసొమ్ము కొన్నవాడని పేరు పడింది. ఆ ఏడే నన్ను మూడో తరగతి మధ్యలో బడి మాన్పించి మంద వెనక పంపారు. మందను చూసుకోవడానికి ఇంకొక జత కళ్లు కావాలన్నాడు నాయన.

ఆ కళ్లే ఇవి. అందుకే మరునాడు పొద్దున ట్యాంకర్ దగ్గర ఆమె కనిపించగానే నేను నోరు ఆపుకోలేదు.

దెబ్బలాట ఎట్లా ముగిసిందంటే, ట్యాంకర్ వచ్చింది. అందరూ బిందెల వైపు ఉరికారు. పక్కింటి ఆమె తన బిందె కూడా పట్టుకోకుండా నా ముందుకు వచ్చి నిలబడింది.

"మాపుటికి మిద్దె మీదికి రా పెద్దమ్మా. నీ కళ్లతో చూడు. చూసినాక కూడా దొంగనే అంటే పిల్లను నాకిచ్చి నీ కొర్రలు తీసుకుపో."

"వస్తా. నాకేం భయమా?"

కొర్రల మూట పోయిందని నేను మనవరాలిని ఒక్క మాట కూడా అనలేదు, అయినా ఇంటికి వచ్చాక నేనే తప్పు చేసినట్టు మూతి ముడుచుకుని కూర్చుంది. పక్షి దాని భుజం మీదికెక్కి, చెవి పోగును ముక్కుతో లాగుతోంది. మూడు గోళ్ల కాలు జారినప్పుడల్లా రెక్క విప్పి నిలదొక్కుకుంటోంది.

"గూట్లో నాలుగు పిల్లలుంటే దీన్నే ఎందుకు తెచ్చినావు?" అని అడిగాను.

"ఇదే ముందు నా చేతి మీదికి వచ్చింది."

"ముందు వచ్చిందా, ముందు పెట్టిందా ఆమె?"

"వచ్చింది అవ్వా!"

అమ్మేవాళ్లు మంచిదాన్ని ఎప్పుడూ ముందు పెట్టరు. ఆ మాట పైకి అనలేదు, దాని కళ్లు అప్పటికే నిండి ఉన్నాయి. "రేపు దీన్ని ఇచ్చేస్తావా?" అంది. చూద్దాం అన్నాను. చూద్దాం అంటే ఇచ్చేస్తానని మా ఇంట్లో అందరికీ తెలుసు. అది లేచి పోయి పక్షిని తన లంగా జేబులో పెట్టుకుని తలుపు వేసుకుంది.

ఎండ తగ్గాక పోయాను. ఆమె కొంగు ముడి విప్పి తాళంచెవి తీసింది.

"దాచేది లేకపోతే తాళమెందుకమ్మా?"

"పిల్లులు పెద్దమ్మా. పోయినేడు రెండు జతల్ని తినేసినాయి."

పిల్లికి తాళం తీయడం రాదు కదా, గడియ చాలదా అనుకున్నాను. పైన రేకుల నీడలో నాలుగు జాలీ గూళ్లు. ఒకదాని మీద పాత దుప్పటి కప్పి ఉంది. నేను అడగకుండా ఆ దుప్పటి ఎత్తాను. లోపల పచ్చటి పిల్లలు! అరచేతిలో సగం ఉన్నవి పదో పన్నెండో.

"ఇవేంది? నల్లమల నుంచి దింపినావా వీటిని? ఫారెస్టు వాళ్లొస్తే మా ఇల్లు కూడా సోదా చేస్తారు కదమ్మా!"

ఆమె నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. "అవి పిల్లలు కాదు పెద్దమ్మా. లవ్ బర్డ్స్. ముసలివి. ఇంతే పెరుగుతాయి. వాటికి మనవరాళ్లు కూడా ఉన్నారు."

నాకు నవ్వు రాలేదు. దుప్పటి మళ్లీ కప్పేశాను.

కాకటీల్ గూడు చివరిది. పలకలు సర్దే చెక్కపెట్టెను ఆమె భర్త మేకులు కొట్టి, గుడ్లు పెట్టేందుకు అందులో బిగించాడు. పెట్టె బయట కర్ర మీద మూడు పిల్లలు వరుసగా కూర్చున్నాయి, మా ఇంట్లో ఉన్నదాని తోబుట్టువులు. వంగి చూశాను. మూడింటికీ మెడ వెనక బోడి ఉంది.

"చూసినావా? అన్నిటికీ ఒకటే చోట!" అంది ఆమె, గెలిచినట్టు.

"అదే నేనంటున్నా. ఒక మందలో అన్నిటికీ ఒకటే చోట ఉండేదే గుర్తు."

"అల్లా!" అని ఆమె తల పట్టుకుంది. "ఎవరైనా ఈకలు పీకి గుర్తు పెడతారా పెద్దమ్మా? పది రోజుల్లో మళ్లీ వస్తాయి కదా."

అయినా నేను ఒప్పుకోలేదు. ముక్కాలి పీట లాక్కుని కూర్చున్నాను. ఆమె టీ తెచ్చింది. తాగలేదు. ఒకరి ఇంట్లో టీ తాగి ఆ మనిషిని దొంగ అనడం కష్టం. టీ మీద మీగడ కట్టింది. ఆమె చూసీ చూడనట్టు గూళ్లు ఊడుస్తూ ఉంది. గూట్లో గింజలు పోసిన మట్టి మూకుడు చూశాను. మా కొర్రలే. ఇసుక లేదు, పొట్టు లేదు. పోనీ, సరుకు మాత్రం దండగ కాలేదు.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. పలకల ఫ్యాక్టరీ నుంచి రాయి కోసే చప్పుడు ఆగిపోయింది. అప్పుడు చెక్కపెట్టె బొక్కలోంచి మగపక్షి, ఆ పిల్లల తండ్రి, బయటికి వచ్చింది. వరుసలో మొదటి పిల్ల దగ్గరికి జరిగింది. తనకు తినిపిస్తుందేమోనని పిల్ల నోరు తెరిచి, మెడ ఊపుతూ అరిచింది. అది తినిపించలేదు. పిల్ల మెడ వెనక ముక్కు పెట్టి, ఒక ఈకను పట్టి, పుటుక్కున లాగింది. ఈక గూటి అడుగున పడింది. పిల్ల కీచుమంది. మగపక్షి ఇంకోటి లాగింది.

"చూసినావా?" అంది ఆమె, ఈసారి గొంతు తగ్గించి.

"ఎందుకట్ల?"

"పెట్టెలో మళ్లీ గుడ్లు పెట్టినాయి. వీటిని బయటికి పొమ్మని. కొత్త పిల్లలకు చోటు కావాల."

మా ఇంట్లో ఏడుగురు పిల్లలం. చోటు చాలకపోవడం నాకు తెలియని సంగతి కాదు. తోక ఈకలు విరగడం కూడా అర్థమైంది, ఆ పెట్టెలో నాలుగు పిల్లలు తోకలు ముడుచుకుని ఎట్లా పట్టాయో. ముక్కు పొర అంటారా, ఆ మూడింటికీ లేచే ఉంది. ఇక మిగిలింది వేలు. మూడింటి కాళ్లూ చూశాను. అన్నిటికీ వేళ్లు పూర్తిగా ఉన్నాయి.

"మరి ఆ వేలు?"

ఆమె చీపురు పక్కన పెట్టి, పిట్టగోడ మీద కూర్చుంది.

"నిజం చెప్పనా పెద్దమ్మా? పొద్దున గూట్లో కొరుక్కుంటాయన్నాను గానీ, నేను చూడలేదు. ఇరవై రోజుల పిల్లగా ఉన్నప్పుడు ఒకనాడు పెట్టె తీసి చూస్తే రక్తం ఎండిపోయి ఉంది, వేలి చివర లేదు. తల్లి కొరికిందో, జాలీలో ఇరుక్కుందో, నాకు తెల్వదు. పసుపు పెట్టినా. మానింది."

"తెలీనప్పుడు పొద్దున అట్లెందుకు చెప్పినావు?"

"పదిహేను మంది ముందు నువ్వు నిలదీస్తే ఏం చెప్పేది? నాకు తెల్వదంటే నమ్ముతావా నువ్వు?"

నమ్మేదాన్ని కాదు. ఇప్పుడు మాత్రం నమ్మాను. నా బతుకులో నేను చూసిన దొంగలెవరూ తెలియదని అనలేదు. వాళ్ల దగ్గర ప్రతిదానికీ కథ ఉంటుంది. మా నాయనకు పిల్లను అమ్మినవాడు, ఆ చెవి ముళ్ల కంచెకు తగిలి తెగితే సరిచేసి కోశానని చెప్పాడట. పలానా పొలం కంచె అని కూడా చెప్పాడట.

"సరే," అని లేచాను. "పిల్లను ఉంచుకుంటాం."

"కుదరదు పెద్దమ్మా."

మెట్ల వైపు తిరిగినదాన్ని వెనక్కి చూశాను.

"వీధిలో దొంగ అన్నావు. మధ్యాహ్నం నుంచి ఇద్దరు వచ్చి అడిగి పోయినారు, యాడి నుంచి తెస్తావమ్మా పక్షుల్ని అని. జాకెట్లకు వచ్చే ఆమె కూడా అడిగింది. ఇక్కడ, నా మిద్దె మీద నువ్వు సరే అంటే నాకేం ఒరుగుతుంది? యాడ అన్నావో ఆడ తీసుకో ఆ మాట. తీసుకోలేవా, రేపు పెట్టె పంపించు. నీ కొర్రలు మిగిలినకాడికి ఇచ్చేస్తా. మీ పాప ఏడిస్తే ఏడ్వనీ, నేనూ ఏడుస్తున్నా కదా."

ఆమె ఏడవడం లేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, అంతే. దుమ్మేమో అని కూడా అనుకున్నాను.

గోడ పట్టుకుని ఒక్కో మెట్టు దిగాను. నా కోడలి ముందు కూడా నేను ఎప్పుడూ తప్పు నాదనలేదు. చీటీ పాటలో మోసపోయినప్పుడు కూడా ఎదుటివాడి తెలివే అన్నాను గానీ నా తెలివితక్కువ అనలేదు. ఇప్పుడు పదిహేను బిందెల ముందు అనాలి. ఆమె పట్టుబట్టడం కూడా నాకు అనుమానమే. నన్ను వీధిలో తల దించేలా చేయాలని పన్నెండేళ్లుగా కాచుకుని ఉందేమో. సేమియా పంపేవాళ్ల మనసులో ఏముంటుందో ఎవరికి తెలుసు?

ఇంట్లో మనవరాలు వాకిట్లోనే కూర్చుని ఉంది. పక్కన చెప్పుల పెట్టె, అందులో కొత్త కాగితం పరిచి, చిన్న మూతలో నీళ్లు, గుప్పెడు కొర్రలు సర్దింది.

"ఎందుకే ఇవన్నీ?"

"వాళ్లింటికి పోతుంది కదా. దారిలో ఆకలైతే."

వాళ్లిల్లు నాలుగడుగులు. కోడలు అన్నం పెట్టింది, తిన్నాను. నా కంచంలో మెతుకు కూడా మిగల్చలేదు, కోపమొచ్చినా అన్నం పారేసే అలవాటు నాకు లేదు.

మరుసటి రోజు పొద్దున ట్యాంకర్ మామూలు వేళకే వచ్చింది. నేను బిందె తీసుకుని పోయాను. మనవరాలు పెట్టెతో నా వెనకే వచ్చింది. పక్కింటి ఆమె వరుసలో మూడోది. నేను వరుసలో నిలబడకుండా ముందుకు పోయి, పైపు పట్టుకున్న మనిషిని ఆగమన్నాను.

"నిన్న ఈమె దొంగ పక్షిని అమ్మిందన్నాను. అది అబద్ధం. నేను మిద్దె పైకి పోయి చూసినాను. ఆ పిల్ల ఈమె గూట్లోనే పుట్టింది. తప్పు నాది."

ఎవరో వెనక నవ్వారు. ఒకామె, "పెద్దమ్మా, నీళ్లు వదలనీ," అంది. పైపు మనిషి నీళ్లు వదిలాడు.

పక్కింటి ఆమె నా వైపు చూడలేదు. తన రెండు బిందెలు నింపుకుంది. ఒకటి చంకన పెట్టుకుని, రెండోదాని కోసం వంగుతూ, మా మనవరాలితో, "దానికి నీళ్లు మార్చినావా పాపా? ఎండాకాలం, పూటపూటకూ మార్చాల," అంది. మార్చానంది మనవరాలు. ఆమె తల ఊపి వెళ్లిపోయింది. మనవరాలు పెట్టె తీసుకుని మా ఇంట్లోకి పోయింది. నేను పోయి వరుస చివర నిలబడ్డాను.